వలస, శరణార్థి కుటుంబాలకు సామాజిక సేవలు

పుట్టిన దేశం వదిలి వచ్చిన కుటుంబం కొత్తచోట నిలదొక్కుకోవడానికి ప్రభుత్వాలు, స్వచ్ఛంద సంస్థలు, ముందే వచ్చి స్థిరపడిన తమవాళ్లు చేసే సాయాన్నంతా కలిపి సామాజిక సేవలు అంటారు. అద్దె ఇల్లు చూసిపెట్టడం, పిల్లల్ని బడిలో చేర్చడం, ఆసుపత్రికి తోడు వెళ్లడం, కొత్త భాష నేర్పడం, దరఖాస్తులు నింపిపెట్టడం, ఇంట్లో దెబ్బలు తినే మనిషికి తలదాచుకునే చోటు చూపడం ఇందులోకి వస్తాయి. డబ్బు, చట్టం, సిబ్బంది అన్నీ ఉండి కూడా ఈ పనులు బెడిసికొట్టిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఎదుటివాళ్లు ఏం తింటారో, దేనికి భయపడతారో, ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో తెలియకుండా చేసే సాయం గుమ్మం దాటి లోపలికి పోదు. వలస వచ్చిన సమాజం మనుషుల్ని దుబాసీలుగా వాడుకుని వదిలేయకుండా, నిర్ణయాల్లో వాళ్లకు చోటిచ్చినప్పుడే సేవలు నిలబడ్డాయి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల అనుభవం ఇదే చెబుతుంది. ఈ వ్యాసం ప్రధానంగా ఆ మూడు దేశాల గురించి, చివర కొంత భారతదేశం గురించి.

చట్టం దృష్టిలో వలసదారు వేరు, శరణార్థి వేరు. 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం జాతి, మతం, జాతీయత, రాజకీయాభిప్రాయం, లేదా ఫలానా సామాజిక వర్గానికి చెందడం వల్ల హింసకు గురవుతామన్న భయంతో దేశం దాటినవారు శరణార్థులు. చదువు కోసమో ఉద్యోగం కోసమో వెళ్లేవారికి ఈ నిర్వచనం వర్తించదు. అయితే పరాయి దేశంలో పిల్లకు అర్ధరాత్రి జ్వరం వస్తే తల్లి పడే కంగారు ఇద్దరిదీ ఒకటే. అందుకని సేవాసంస్థలు చాలావరకు ఇద్దరికీ కలిపే పనిచేస్తాయి.

తొలి ప్రయత్నాలు

లండన్‌లో 1884లో మొదలైన టాయిన్బీ హాల్ అనే సేవాకేంద్రాన్ని చూసి వచ్చిన జేన్ ఆడమ్స్, తన స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్‌తో కలిసి 1889లో షికాగోలో హల్ హౌస్ ప్రారంభించింది. చుట్టుపక్కల ఇటాలియన్లు, గ్రీకులు, జర్మన్లు, రష్యా నుంచీ పోలండ్ నుంచీ వచ్చిన యూదులు కిక్కిరిసి ఉండేవారు. సాయం చేసేవాళ్లు ఆ పేటలోనే కాపురముండాలన్నది ఇలాంటి కేంద్రాల ఉద్యమం పెట్టుకున్న నియమం. శిశువిహారం, సాయంకాలపు తరగతులు, ఆటస్థలం ఒక్కొక్కటిగా వచ్చాయి. పేదలకు పౌష్టికాహారం చవగ్గా అందించాలని శాస్త్రీయమైన లెక్కలతో ఒక వంటశాల కూడా పెట్టారు. పొరుగువాళ్లు ఆ తిండిని పెద్దగా ముట్టలేదు. వాళ్ల నాలుకకు అలవాటైన రుచి అందులో లేదు. ఈ వైఫల్యాన్ని ఆడమ్స్ తన ఆత్మకథలో దాచకుండా రాసింది.

అదే పుస్తకంలో ఆమె చెప్పిన మరో సంగతి ఈ రంగంలో పనిచేసే ప్రతివారూ తెలుసుకోదగ్గది. వలస వచ్చిన తల్లులకు కదురుతో నూలు వడకడం, నేయడం వచ్చు. వాళ్ల కూతుళ్లు ఫ్యాక్టరీల్లో పనిచేస్తూ, ఇంగ్లీషు మాట్లాడుతూ, తల్లుల కట్టూబొట్టూ చూసి సిగ్గుపడేవారు. ఈ దూరం తగ్గించాలని 1900లో హల్ హౌస్ ఒక శ్రామిక ప్రదర్శనశాల తెరిచి, ఆ తల్లుల్నే అక్కడ గురువులుగా కూర్చోబెట్టింది. ఒక ఇటాలియన్ అమ్మాయి తల్లితో పాటు వచ్చి కూడా, ఆమెతో కలిసి కనిపించడం ఇష్టంలేక వేరే ద్వారం నుంచి లోపలికి వెళ్లేది. ఒకరోజు చదువుకున్న పెద్దలంతా తల్లి చుట్టూ చేరి ఆమె పనితనాన్ని మెచ్చుకోవడం చూసింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకే ద్వారం గుండా రావడం మొదలుపెట్టారు. పిల్లలకు కొత్త దేశాన్ని నేర్పే తొందరలో ఇంట్లో తల్లిదండ్రుల గౌరవం కూలిపోకూడదన్న ఎరుక ఇక్కడి నుంచే మొదలైందనవచ్చు. ఆడమ్స్‌కు 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

చట్టం, వ్యవస్థ

వియత్నాం యుద్ధం 1975లో ముగిశాక వియత్నాం, కంబోడియా, లావోస్‌ల నుంచి లక్షలమంది బయటపడ్డారు. అప్పటిదాకా ఒక్కో సంక్షోభానికి ఒక్కో తాత్కాలిక చట్టంతో సర్దుకొచ్చిన అమెరికా 1980లో శరణార్థుల చట్టం చేసింది. 2025 దాకా నడిచిన పద్ధతిలో ప్రభుత్వం నిధులిచ్చేది, స్వచ్ఛంద సంస్థలు ఊరూరా ఆ కుటుంబాలను దించుకునేవి. వాటిలో ఎక్కువ చర్చిలకో ఇతర మతసంస్థలకో అనుబంధమైనవి.

ప్రభుత్వం ఆ సంస్థలతో చేసుకున్న ఒప్పందంలోని తొలిరోజు ఏర్పాట్లు చూస్తే వ్యవస్థ ఎంత వివరంగా ఆలోచించిందో అర్థమవుతుంది. కేస్ వర్కర్ విమానాశ్రయానికి వెళ్లి కుటుంబాన్ని కలవాలి. ఇంట్లో మంచాలు, గిన్నెలు, దుప్పట్లు సిద్ధంగా ఉండాలి. చేరేసరికి వాళ్ల అలవాటుకు తగ్గ తిండి, వండి తినడానికి తయారుగా ఉంచాలి. ఇరవై నాలుగ్గంటల ప్రయాణం చేసి వచ్చిన ముసలమ్మ ముందు తనకు తెలిసిన అన్నమూ కూరా పెట్టడం ఇక్కడ దయ మీద ఆధారపడిన విషయం కాదు, రాతపూర్వకమైన బాధ్యత. ఆ తర్వాతి దశలో మాత్రం ఇదే వ్యవస్థ చాలా కటువు. తొలివిడత సాయం 30 నుంచి 90 రోజులు. ఆలోపు ఉద్యోగం వెతుక్కోవాలి, అద్దె కట్టుకోవాలి, విమాన టికెట్టుకు ఇచ్చిన వడ్డీలేని అప్పు తీర్చడం మొదలుపెట్టాలి. యుద్ధం నుంచి, ఏళ్ల తరబడి శిబిరం నుంచి వచ్చిన మనిషికి మూడు నెలలు ఏమాత్రం చాలవు.

కెనడా మరో దారి పట్టింది. అయిదుగురు పౌరులో, ఒక చర్చో, ఒక సంఘమో ముందుకొచ్చి ఒక కుటుంబం బాధ్యత తీసుకునే ప్రైవేటు స్పాన్సర్‌షిప్ పద్ధతి 1979 నాటికి ఊపందుకుంది. 1979, 1980 సంవత్సరాల్లో సుమారు 60,000 మంది ఆగ్నేయాసియా శరణార్థులు అక్కడికి చేరారు. వారిలో సగానికి పైగా ఇలా సామాన్య పౌరుల పూచీ మీద వచ్చినవారే. ఐక్యరాజ్యసమితి ఇచ్చే నాన్సెన్ పురస్కారం 1986లో ఏ ఒక్క వ్యక్తికీ కాకుండా కెనడా ప్రజలందరికీ దక్కింది. ఈ పద్ధతిలో ఒక ఇబ్బందీ ఉంది. ఇంటికి సోఫా తెచ్చిచ్చిన పొరుగాయన ఆ ఇంటి ఖర్చులోనూ, పిల్లల పెంపకంలోనూ తలదూరుస్తాడు. సాయం పొందినవాళ్లు కాదనలేరు.

మాట చేరవేసే మనిషి

తల్లిదండ్రులకు భాష రాని ఇంట్లో పదేళ్ల పిల్లవాడే దుబాసీ. కరెంటు బిల్లు చదివేది వాడు, ఇంటి యజమానితో మాట్లాడేది వాడు, అమ్మ గర్భసంచి గురించి డాక్టరు చెప్పేది విని అమ్మకు చెప్పవలసిందీ వాడే. వాడికి ఆ మాటలు రెండు భాషల్లోనూ తెలియవు. తెలిసినా సిగ్గుతో కొన్ని మింగేస్తాడు. తండ్రి ఎదుట తల్లి నిజం చెప్పదు, కొడుకు నోటి ద్వారా అసలే చెప్పదు. పసివాళ్ల మీద ఈ బరువు మోపడం అన్యాయం. అమెరికాలో ఆరోగ్య సంస్థలు అత్యవసరంలో తప్ప మైనర్లను దుబాసీలుగా వాడకూడదని 2016లో నిబంధన వచ్చింది.

అంతకుముందే 1964 నాటి పౌరహక్కుల చట్టం జాతీయ మూలం కారణంగా వివక్ష చూపరాదంది. భాష తెలియని పిల్లలకు అర్థంకాని పాఠం చెప్పి వదిలేయడం సమానావకాశం కాదని 1974లో, శాన్‌ఫ్రాన్సిస్కో చైనీస్ విద్యార్థుల కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆస్ట్రేలియా ఈ విషయంలో ముందుచూపు ప్రదర్శించింది. అక్కడ 1973లోనే టెలిఫోన్ ద్వారా దుబాసీ సేవ మొదలైంది.

జీతమిచ్చి పెట్టుకున్న దుబాసీతోనూ చిక్కులున్నాయి. ఊళ్లో ఆ భాష మాట్లాడే కుటుంబాలు నలభై ఉంటే, దుబాసీ వాళ్లలో ఎవరికో బావమరిది అవుతాడు. ఆసుపత్రిలో చెప్పిన సంగతి ఆదివారానికి ప్రార్థనా మందిరంలో అందరికీ తెలిసిపోతుందేమోనన్న భయం ఉత్త అనుమానం కాదు. అందుకే ఒక్కోసారి వేరే నగరం నుంచి, పేరు చెప్పకుండా ఫోన్‌లో మాట్లాడే దుబాసీనే స్త్రీలు కోరుకుంటారు. సొంతవాళ్లయితే చాలు అనుకునేవారు ఈ సంగతి గమనించాలి.

ఆసుపత్రి గుమ్మం

సంస్కృతుల మధ్య పొరపాటు ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఇక్కడే. వియత్నాం, కంబోడియా కుటుంబాల్లో పిల్లలకు జ్వరమో జలుబో చేస్తే వీపుకు తైలం రాసి నాణెం అంచుతో గీస్తారు. ఎర్రటి చారలు తేలతాయి, రెండు మూడు రోజుల్లో పోతాయి. బడిలో టీచరు ఆ చారలు చూసి పిల్లవాణ్ని ఇంట్లో కొడుతున్నారని ఫిర్యాదు చేసిన ఉదంతాలు వైద్య పత్రికలకెక్కాయి. ప్రేమతో చేసిన వైద్యానికి పోలీసులు ఇంటికి వస్తే ఆ తల్లి మళ్లీ ఏ కార్యాలయం మెట్లెక్కుతుంది?

లావోస్ కొండల నుంచి వచ్చిన హ్మాంగ్ కుటుంబాల అనుభవం ఈ రంగాన్నే మార్చింది. కాలిఫోర్నియాలోని మెర్సెడ్ పట్టణంలో 1982లో పుట్టిన ఒక హ్మాంగ్ పాపకు నెలల వయసులోనే మూర్ఛ వచ్చింది. ఆత్మ దేహాన్ని వదిలి వెళ్లడం వల్ల ఇలా జరుగుతోందని తల్లిదండ్రులు నమ్మారు. డాక్టర్లు మెదడుకు సంబంధించిన జబ్బన్నారు. మందుల మోతాదులు పదేపదే మారాయి. చదువురాని తల్లిదండ్రులకు ఆ సీసాల మీది రాత అర్థం కాలేదు, అర్థమైన కొన్నింటి వల్ల పాపకు చెరుపే జరుగుతోందనిపించింది. మందులు సరిగా వేయడం లేదని 1985లో అధికారులు పాపను వేరే ఇంట్లో ఉంచారు. తర్వాతి ఏడాది తల్లిదండ్రుల దగ్గరికి తిరిగొచ్చాక, 1986 చివర్లో వచ్చిన తీవ్రమైన మూర్ఛతో ఆమె మెదడు దాదాపు పనిచేయడం మానేసింది. ఎంతో కాలం బతకదనుకున్న ఆ పిల్లను ఇంటివాళ్లు 2012 దాకా, కంటికి రెప్పలా సాకారు. చెడ్డ డాక్టర్లూ లేరు, చెడ్డ తల్లిదండ్రులూ లేరు, అయినా పిల్ల దక్కలేదు. ఆన్ ఫాడిమన్ 1997లో ఈ కథను పుస్తకంగా రాసింది. ఆ తర్వాత అమెరికా వైద్య కళాశాలల్లో అది విస్తృతంగా పాఠ్యగ్రంథమైంది.

అదే మెర్సెడ్‌లోని ఆసుపత్రి హ్మాంగ్ మంత్రవైద్యులు రోగుల మంచం దగ్గర చేయదగిన తొమ్మిది రకాల క్రతువులను గుర్తించి, వారికి బ్యాడ్జీలిచ్చి లోపలికి అనుమతిస్తున్న సంగతి 2009లో పత్రికల్లో వచ్చింది. ఆత్మను పిలవడం, మెల్లని గొంతుతో మంత్రం చదవడం అందులో ఉన్నాయి. ఆ వైద్యులకు జీవకణాలు, సూక్ష్మక్రిముల గురించి తరగతులూ పెట్టారు. దీనివల్ల హ్మాంగ్ రోగులు ఆసుపత్రికి రావడానికి జంకడం తగ్గిందన్నది అక్కడివారి అనుభవం.

మానవశాస్త్రం చదువుకున్న మనోవైద్యుడు ఆర్థర్ క్లైన్‌మన్, తన సహచరులతో కలిసి 1978లో డాక్టర్ల కోసం కొన్ని ప్రశ్నలు సూచించాడు. మీకు ఈ జబ్బు ఎందుకొచ్చిందనుకుంటున్నారు, ఇప్పుడే ఎందుకు మొదలైంది, దీనివల్ల మీకున్న పెద్ద భయం ఏమిటి, ఎలాంటి వైద్యం కావాలనుకుంటున్నారు అనే ధోరణిలో ఉంటాయవి. అడగడానికి అయిదు నిమిషాలు చాలు. ఏ సంస్కృతి గురించీ ముందుగా ఏమీ తెలియనక్కర్లేదు. దీనికి పూర్తిగా ఎదురుగా నడిచింది, ఆ తర్వాత ఆసుపత్రుల్లో పుట్టుకొచ్చిన శిక్షణ పద్ధతి. ఫలానా దేశస్థులు ఇలా ఉంటారంటూ ఒక పట్టిక చేతికిచ్చేవారు. మెలనీ టెర్వలోన్, జాన్ మరే-గార్సియా 1998లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఒక ఉదాహరణ ఉంది. శస్త్రచికిత్స అయిన ఒక లాటినో స్త్రీ నొప్పితో మూలుగుతోంది. ఈమెకు బాధగా ఉన్నట్టుందని ఒక డాక్టరు అంటే, లాటినో రోగులు నొప్పిని ఎక్కువ చేసి చూపుతారని తాను శిక్షణలో నేర్చుకున్నానని నర్సు కొట్టిపారేసింది. సంస్కృతి గురించి చెప్పిన పాఠమే ఎదుటి మనిషి మూలుగు వినపడకుండా చేసింది. అందుకే ఆ రచయిత్రులు నైపుణ్యం సంపాదించామనుకోవడం కంటే వినయం నేర్చుకోవాలన్నారు.

హ్మాంగ్ బాలింత నెలరోజులు మూలికలు వేసి ఉడికించిన కోడిపులుసు, వేడి అన్నం మాత్రమే తింటుంది, చన్నీళ్లు ముట్టదు. ఆసుపత్రిలో కాన్పయిన గంటకే ఐసు వేసిన నీళ్లు ట్రేలో వస్తాయి. బాలింతకు కాయం, వెల్లుల్లి కారం పెట్టే మన ఇళ్ల ఆడపిల్లలకు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కాన్పయినప్పుడు ఈ ఐసునీళ్ల సంగతి అనుభవమే. అమ్మకో అత్తగారికో వీసా రాకపోతే ఆ నెల ఎలా గడుస్తుందో వాళ్లకు తెలుసు.

కెనడాలోని ఎడ్మంటన్‌లో ఇలాంటి తల్లులకు తోడుండడానికి వలస స్త్రీలే సహకార సంఘంగా ఏర్పడ్డారు. 1998లో నమోదైన ఈ సంస్థలో పనిచేసే మధ్యవర్తులే సభ్యులు, యజమానులు. వాళ్లు గర్భిణి వెంట ఆసుపత్రికి వెళ్తారు, బడికీ, సంక్షేమ కార్యాలయానికీ వెళ్తారు. ఎందుకంటే ఆ ఇంట్లో కాన్పు, అద్దె, పెద్దపిల్లవాడి చదువు విడివిడి సమస్యలు కావు.

ఇంటి గుట్టు, ఇంట్లో హింస

సంస్కృతిని గౌరవించడమంటే దాని పేరిట జరిగే హింసను ఓర్చుకోవడం కాదన్న విషయాన్ని గట్టిగా చెప్పింది దక్షిణాసియా స్త్రీలే. న్యూజెర్సీలో 1985లో మొదలైన మానవి అమెరికాలో ఈ కోవలో మొదటి సంస్థ. 1989లో న్యూయార్క్‌లో సఖి, తర్వాత షికాగోలో అప్నాఘర్, 1992లో బర్క్‌లీ ప్రాంతంలో నారిక, 1995లో అట్లాంటాలో రక్ష, 1996లో హ్యూస్టన్‌లో దయ వచ్చాయి. అప్పటికే అమెరికన్ స్త్రీల ఆశ్రయాలు ఉన్నా, మనవాళ్లు అక్కడికి వెళ్లేవారు కాదు. తినే తిండి వేరు, అత్తమామల పోరు గురించి చెబితే అర్థం చేసుకునేవారు లేరు. ఇంటి గుట్టు రచ్చకెక్కించిందన్న మాట స్వదేశంలో అమ్మానాన్నల దాకా పోతుందన్న భయం వేరే.

తెలుగు కుటుంబాలకు ఇది దగ్గరి విషయం. భర్త హెచ్1బి ఉద్యోగ వీసా మీద, భార్య అతని మీద ఆధారపడిన హెచ్4 వీసా మీద వెళ్తారు. 2015 దాకా హెచ్4 మీద ఉన్నవారికి ఉద్యోగం చేసే హక్కే లేదు. ఇప్పటికీ భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే భార్యకు ఆ అవకాశం. ఇంజినీరింగ్ చదివిన అమ్మాయి చేతిలో డాలరు ఉండదు, కారు నడపడం రాదు, పాస్‌పోర్టు భర్త బీరువాలో ఉంటుంది. అతణ్ని వదిలేస్తే వీసా పోతుంది. 1994 నాటి చట్టం హింసకు గురైన భార్య సొంతంగా దరఖాస్తు పెట్టుకునే దారి ఇచ్చింది, కానీ భర్త అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డుదారో అయితేనే. నేరబాధితుల కోసం 2000లో వచ్చిన యు వీసా కొందరికి ఆసరా అయింది. హెల్ప్‌లైన్‌లో అవతల నుంచి తెలుగులో, చెప్పమ్మా వింటున్నాను అనే గొంతు వినిపించడం ఎంత తేడా తెస్తుందో ఈ సంస్థల్లో పనిచేసేవారెవరైనా చెబుతారు. అమెరికాలోని తెలుగు సంఘాల్లో తానా 1977లో, ఆటా ఆ తర్వాత పుట్టాయి. ప్రమాదాలు, మరణాలు సంభవించినప్పుడు తెలుగు సంఘాలు పార్థివదేహాన్ని స్వదేశానికి చేర్చడం నుంచి చందాలు పోగుచేయడం వరకు నిలబడి సాయం చేశాయి. గృహహింస గురించి మాట్లాడటానికీ ఉత్సవాలకున్నంత చోటు ఈ సంఘాల వేదికల మీద దొరకవలసి ఉంది.

పెద్దవాళ్లు, నేల

శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లోని ముసలివాళ్లు నర్సింగ్‌హోముకు వెళ్లడానికి ఒప్పుకునేవారు కాదు. అవి దూరంగా ఉండేవి, అక్కడ తమ భాష, తమ తిండి ఉండేవి కావు. 1971లో ఏర్పడిన ఆన్ లోక్ సంస్థ వాళ్లను ఇంట్లోనే ఉంచి, పగలు బండిలో కేంద్రానికి తెచ్చి, చైనీస్ భోజనం పెట్టి, డాక్టరు, నర్సు, సోషల్ వర్కర్ అంతా ఒక జట్టుగా చూసుకునే పద్ధతి పెట్టింది. ఒక పేట ముసలివాళ్ల కోసం పుట్టిన ఆ పద్ధతి 1997 చట్టంతో దేశవ్యాప్త పథకంగా స్థిరపడింది. వలసవాళ్ల కోసం చేసిన ఏర్పాటు అందరికీ పనికొచ్చిందనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం కనబడదు.

భూటాన్ నుంచి గెంటివేతకు గురై నేపాల్ శిబిరాల్లో దాదాపు ఇరవయ్యేళ్లు గడిపిన నేపాలీ భాషస్థులు లక్షమందికి పైగా, 2007 చివరి నుంచి ఎనిమిది దేశాలకు తరలివెళ్లారు. అమెరికా చేరినవారిలో వరస ఆత్మహత్యలు జరగడంతో 2012లో ప్రజారోగ్య అధికారులు విచారణ చేపట్టారు. పని లేకపోవడం, భాష రాకపోవడం, ఇంటికి సంపాదించే స్థానం పోవడం వాళ్ల వేదనలో ముఖ్యాంశాలుగా తేలాయి. జీవితమంతా సేద్యం చేసిన మనిషి మూడో అంతస్తు ఫ్లాట్‌లో టీవీ ముందు కూర్చోవలసి వచ్చింది. ఇలాంటివారి కోసం చాలా నగరాల్లో శరణార్థి సంస్థలు ఖాళీ స్థలాలు అడిగి తీసుకుని సాగుకు ఇస్తున్నాయి. ఇంటర్నేషనల్ రెస్క్యూ కమిటీ శాన్‌డియేగోలో ఏర్పాటు చేసిన తోటను 2010లో మిషెల్ ఒబామా వచ్చి చూసింది. బర్మా నుంచి వచ్చిన కరెన్ కుటుంబాలు ఇలాంటి తోటల్లో గోంగూర వేసుకుంటాయి. మనలాగే వాళ్లకూ ఆ పులుపు లేనిదే ముద్ద దిగదు.

చిత్రహింసలు అనుభవించి వచ్చినవారి మనసు గాయాలకు బోస్టన్‌లో 1981లో రిచర్డ్ మాలికా సహచరులతో ప్రారంభించిన క్లినిక్, సిడ్నీలో 1988లో మొదలైన స్టార్ట్స్ సంస్థ దారి చూపాయి. రెండు చోట్లా శరణార్థి సమాజాల నుంచి శిక్షణ పొందిన కార్యకర్తలు డాక్టర్ల పక్కన పనిచేశారు.

భారతదేశంలో

1951 ఒప్పందంపై భారతదేశం సంతకం చేయలేదు, శరణార్థులకు ప్రత్యేక చట్టమూ లేదు. అయినా టిబెటన్లకు బైలకుప్పె వంటి చోట్ల భూమి, సొంత బడులు, మఠాలు దక్కాయి. శ్రీలంక నుంచి వచ్చిన తమిళులు తమిళనాడులో 1984లో ఓఫెర్ అనే సంస్థను తామే పెట్టుకుని శిబిరాల్లో చదువు, పోషణ పనులు నడిపారు. బర్మాలో 1960ల జాతీయకరణతో అన్నీ పోగొట్టుకుని తిరిగొచ్చిన తెలుగువారి గుర్తుగా విశాఖపట్నంలో బర్మా క్యాంపు పేరు నిలిచే ఉంది. హైదరాబాద్ బాలాపూర్ ప్రాంతంలో కొన్నివేల మంది రోహింగ్యాలు పాత ఇనుము, ప్లాస్టిక్ ఏరుకుంటూ, కూలి చేసుకుంటూ బతుకుతున్నారు. కోవా వంటి స్థానిక సంస్థలు ఐక్యరాజ్యసమితి శరణార్థి విభాగంతో కలిసి వాళ్ల చదువు, వైద్యం చూశాయి. ఆధార్ లేనివాళ్లకు ఆసుపత్రి చీటీ దగ్గర నుంచీ ప్రతిదీ కష్టమే.

ఇటీవలి స్థితి

భాష రానివారికి ప్రభుత్వ సేవలు అందాలంటూ 2000లో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ఇచ్చిన ఉత్తర్వును 2025 మార్చిలో ట్రంప్ ప్రభుత్వం రద్దు చేసింది. అదే ఏడాది జనవరిలో శరణార్థుల రాకను నిలిపివేసింది. నిధులు ఆగి, సంస్థలు పెద్దసంఖ్యలో సిబ్బందిని తొలగించాయి. ఉద్యోగాలు పోయినవారిలో ఒకప్పుడు శరణార్థులుగా వచ్చి కేస్ వర్కర్లయినవారు ఎందరో ఉన్నారు. అయితే భాష విషయంలో పౌరహక్కుల చట్టం, 1974 నాటి తీర్పు అమల్లోనే ఉన్నాయి. జీతం ఆగినా ఆ కేస్ వర్కర్ల ఫోన్ నంబర్లు ఆ కుటుంబాల దగ్గర ఉన్నాయి. ఆసుపత్రి నుంచి ఉత్తరం వస్తే చదివి చెప్పమని వాళ్లకే ఫోన్ చేస్తారు.